జాతర అర్రలకు సున్నం

డెబ్బైల మొదట్లో నేను వరంగల్ మట్టెవాడలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నాకు మింగుడుపడని విషయం ఒకటి ఉండేది. అంత పెద్ద ఇల్లు పెట్టుకుని మేమంతా ముందున్న మూడు గదుల్లో ఇరుక్కుని ఉండేవాళ్ళం. వెనక దొడ్డి చుట్టూ వరుసగా ఉన్న ఆరు అర్రలకు మాత్రం ఏడాది పొడుగునా తాళాలే. ఆ గదులు ఎవరివని అడిగితే అత్తమ్మ "మనోళ్ళవి" అన్నది. చుట్టాలెవరో ఉన్నారు కాబోలు అనుకున్నాను. మాఘమాసం వచ్చాక గానీ తెలియలేదు, ఆ మనోళ్ళలో ఒక్కరు కూడా మాకు చుట్టం కాదని.

ఆ ఏడు మేడారం జాతర. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరకు వర్ధన్నపేట అవతలి ఊళ్ళ నుంచి జనం ఎడ్లబండ్లు కట్టుకుని బయలుదేరేవారు. దారిలో వరంగల్‌లో ఒక రాత్రి ఆగాలి, తిరుగు దారిలో ఇంకొక రాత్రి. అట్లా ఆగేవాళ్ళకు మా ఇల్లు విడిది. మా అత్తమ్మ వాళ్ళ అత్త కాలం నుంచీ అంతే. ఒకనాటి సాయంత్రం పన్నెండు బండ్లు వరుసపెట్టి మా దొడ్డిలోకి వచ్చాయి. ఎడ్లు, కోళ్ళు, మేకలు, బెల్లం మూటలు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు! నేను వంటింటి తలుపు పట్టుకుని బిత్తరపోయి చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ మాత్రం బండి బండికీ ఎదురుపోయి, ఏ పిల్లకు పెళ్ళయింది, ఎవరికి కాలు విరిగింది, ఏ ఎద్దు చచ్చిపోయింది అన్నీ అడిగింది. ఒక పిల్ల చెంప పట్టుకుని, కిందటి జాతరకు ఇది తల్లి కడుపులో ఉండె కదా అన్నది. రెండేళ్ళ కిందటి సంగతి ఆమెకు నిన్నటిలా గుర్తుంది.

ఏ అర్రలో ఏ ఊరివాళ్ళు దిగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరి అర్ర వాళ్ళకు తెలుసు. వంట వాళ్ళదే, దొడ్డిలో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేవారు. కిరాయి ఇంత అని మాట కూడా లేదు. పోయేటప్పుడు గోడ గూట్లో తోచింది పెట్టి, పక్కన అమ్మవారి బెల్లం ముక్క పెట్టి పోయేవారు. ఆ మర్నాడు దొడ్డంతా పేడ ఎత్తేది మాత్రం నేను. నాకు ముక్కు మీద కోపం, అది మా పుట్టింటి ఊరంతటికీ తెలుసు. చీపురు విసిరికొట్టి మరీ ఎత్తేదాన్ని. అత్తమ్మ విననట్టు ఉండేది.

ఆ అర్రల్లో అన్నిటికన్నా విచిత్రం గోడలు. జాతరకు బయలుదేరే పొద్దున ఆ అర్రలో పండుకున్న ప్రతి మనిషీ కుడిచెయ్యి పసుపునీళ్ళలో ముంచి గోడకు అద్దాలి. తల్లి చంకలో ఉన్న పిల్ల చెయ్యి కూడా పట్టి అద్దించేవారు. తిరిగి వచ్చినప్పుడు ఎవరి చేతిగుర్తులో వాళ్ళు కుంకుమ బొట్టు పెట్టుకోవాలి. పోయినవాళ్ళంతా క్షేమంగా తిరిగివచ్చారన్నమాట. అప్పుడు అత్తమ్మ అర్ర అర్రకూ తిరిగి చేతులు లెక్కపెట్టి, బొట్లు లెక్కపెట్టి, సరిపోయాక గానీ ఆ పూట అన్నం తినేది కాదు. అట్లా ఏండ్ల తరబడి చేతుల పక్కన చేతులు, చేతుల మీద చేతులు. కొన్ని పసుపు పోయి గోధుమరంగుకు తిరిగినవి. వచ్చినవాళ్ళు దీపం పట్టుకుని తమవి వెతుక్కునేవారు. ఇది మా నాయనది, ఇది నా చిన్నప్పటిది అని పిల్లలకు చూపించేవారు.

మూల అర్రలో దిగేవాళ్ళ చెయ్యి ఒకటి ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. ఆ ఇంటాయనకు చెరుకు గానుగలో ఉంగరం వేలు పోయింది. గోడమీద ఆయనవి నాలుగే వేళ్ళు. ఆయన అత్తమ్మను చెల్లె అని పిలిచేవాడు, ఆయన భార్యా అత్తమ్మా ఒకరినొకరు వదినె అనుకునేవారు. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. పెద్దమ్మ వచ్చిందంటే అత్తమ్మకు ఇక ఇల్లు పట్టదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని మాటల్లో పడితే పొయ్యి మీద పప్పు మాడినా పిలవొద్దు.

తర్వాత సర్కారు స్పెషల్ బస్సులు వేసింది. మొదట్లో జనం ఆ ఇరుకు భయానికి ఎక్కలేదు. రానురాను వాళ్ళ ఊరి అడ్డరోడ్డు మీదే బస్సెక్కితే జాతర దగ్గరే దిగవచ్చని తెలిసింది. ఇక మూడు రోజులు బండి తోలేవాడెవరు? పన్నెండు బండ్లు ఏడయ్యాయి, ఏడు మూడయ్యాయి. ఎనభైల్లోకి వచ్చాక ఒక జాతరకు ఒకే ఒక్క బండి వచ్చింది. మూల అర్ర వాళ్ళది. ఆయన ముసలివాడయ్యాడు, ఎడ్లు కూడా. అయినా చెల్లె ఇంట్లో దిగకుండా జాతర ఏందని బండి కట్టాడట. ఆ పొద్దున ఆరు అర్రల ఇంట్లో ఆయనవీ పెద్దమ్మవీ రెండే రెండు పసుపు చేతులు పడ్డాయి. వాళ్ళు తిరిగివచ్చి బొట్లు పెట్టుకుని పోయారు. అత్తమ్మ చాలాసేపు దర్వాజ దగ్గరే నిలబడింది.

ఆ మర్నాడే మా బావగారు, అంటే మా ఆయన అన్న, మాట తీశాడు. అర్రలు కూలగొట్టి వెనక రోడ్డువైపు మడిగెలు కట్టి దుకాణాలకు ఇద్దామన్నాడు. అందులో తప్పేమీ లేదు. కానీ అత్తమ్మ మొహం చూశాను. అర్రలు పోతే పోనీయ్, మనోళ్ళు వచ్చి ఏడ దిగుతరు అని మాత్రమే అడిగింది. ఎవరొస్తరే అమ్మా, అందరూ బస్సుల పోతాండ్లు అన్నాడు బావగారు. ఆమెకు ఇంటి బాధ కాదు, ఆ మనుషులు ఇక రారేమోనన్న బాధ. ముప్పై ఏండ్లు తాను కట్టుకున్న చుట్టరికమంతా ఒక బస్సు టికెట్‌తో తెగిపోతుందని భయం. "బస్సెక్కినా మనిషి అలసిపోడా బిడ్డా? వత్తరు," అని నాతో అన్నది. అక్కడే నిలబడి బావగారితో, రెండేళ్ళు గడువియ్యండి, ఆరు అర్రలూ నేను నింపుతానని అనేశాను. నోరు జారాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

నిజంగానే నింపాను కూడా, చెప్పుకుంటే గొప్పలనుకుంటారు గానీ. ఆ రోజుల్లో రైలు దిగి వేయిస్తంభాల గుడి, కోట, పాలంపేట రామప్ప చూసిపోయే జనం మొదలయ్యారు. కెమెరాలు మెడలో వేసుకుని వస్తారు, ఒక రాత్రి ఉంటారు, పొద్దున్నే పోతారు. వాళ్ళకు మూడు రాళ్ళ పొయ్యి పనికిరాదు. మంచాలు కొన్నాను. కొత్తవాడ పోయి శెత్రంజీలు తెచ్చి పరిచాను. దోమతెరలు కట్టించాను, స్నానానికి బొగ్గుల బాయిలర్ పెట్టించాను. 'యాత్రికులకు గదులు' అని బోర్డు రాయించాను. స్టేషన్ దగ్గరి రిక్షావాళ్ళను మంచి చేసుకున్నాను. పొద్దున్నే తలుపు కొట్టి చాయ్ ఇచ్చేదాన్ని. బాంబే వాళ్ళు, మద్రాసు వాళ్ళు, భాష రాకపోయినా చేతులూపుతూ మాట్లాడేదాన్ని. అత్తమ్మ మొదట్లో వాళ్ళనూ బండ్లవాళ్ళలాగే పలకరించబోయింది. మీకెంతమంది పిల్లలు, మీ అమ్మ ఉన్నదా అని. వాళ్ళు నవ్వి తలుపు వేసుకునేవారు. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది.

అందరూ ఆ గోడల దగ్గరే ఆగేవారు. ఏమిటివి అని అడిగేవారు, ఫొటో తీసుకునేవారు కొందరు. ఒక వానాకాలం సాయంత్రం కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. అప్పుడు అత్తమ్మ ఇంట్లో లేదు, పరకాలలో వాళ్ళ చెల్లెలింట్లో పెళ్ళికి పోయింది. ఆ పిల్ల గదిలోకి అడుగుపెట్టి లైటు వేసింది, గోడనిండా చేతులు చూసి కెవ్వుమన్నది. ఎవరో చచ్చినవాళ్ళు గోడలోంచి పట్టుకోవడానికి వస్తున్నట్టున్నారట. ఆ పిల్లాడు ఇంకో మాట అన్నాడు, ఇంత మురికి గదికి కిరాయి ఎట్లా తీసుకుంటారని. అదే రిక్షాలో సామాను ఎత్తుకుని లాడ్జికి వెళ్ళిపోయారు.

మురికి అన్న మాట నా నెత్తికెక్కింది. రోజూ రెండుసార్లు ఊడ్చి తడిబట్ట పెట్టే గదిని మురికి అంటాడా! కోపం ఆ పిల్లాడి మీద, తీర్చుకున్నది గోడల మీద. మర్నాడు పొద్దున్నే సున్నం తెప్పించి నానేశాను, నీలిమందు కలిపాను, ఇద్దరు కూలీ ఆడవాళ్ళను పిలిచాను. నేనూ కుంచె పట్టాను. మూల అర్ర నాకోసమే మిగిలింది.

పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో ఆడపుట్టుక పుట్టిన నాకు తెలియదా? ఆ క్షణాన గుర్తు రాలేదు. తడి కుంచె తగలగానే చేతులన్నీ ఎర్రగా లేచాయి. పాతవి, కొత్తవి, పిల్లలవి, నాలుగు వేళ్ళది, అన్నీ అప్పుడే నెత్తుటిలో ముంచి అద్దినట్టు. పనికి వచ్చిన ఆమె కుంచె కిందపెట్టేసి, నాతోని కాదమ్మా, దణ్ణం పెడత అన్నది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఓడిపోయినట్టు ఉంటుందని రెండో పూత వేశాను. గులాబీరంగుకు దిగింది. ఆరాక మూడో పూత వేశాను. తెల్లగా అయింది. పాలతో కడిగినట్టు మెరిసే గోడలు చూసుకుని, ఇప్పుడు అనమనండి మురికి అని గట్టిగా అన్నాను. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

అత్తమ్మ నాలుగు రోజులకు వచ్చింది. కాళ్ళు కడుక్కుని దొడ్డిలోకి పోయి, ఒక్కొక్క అర్ర తలుపూ తీసి చూసింది. ఆమె అరుస్తుందనీ, నేనూ అరవవచ్చుననీ మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. ఈ అర్రలు ఎవరికోసం నిలబెడుతున్నాను, మీ కోసం కాదా అని అడగాలనుకున్నాను. ఆమె మూల అర్రలో గోడమీద అరచెయ్యి పెట్టి నిమిరింది. చేతికంటిన సున్నం చూసుకుంది.

"అవి మనయి కావు బిడ్డా. వాళ్ళు మనకు ఒప్పజెప్పి పోయినయి," అన్నది.

అంతే. తిట్టి ఉంటే నా బతుకు బాగుండేది. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు, వంట చేసింది, నాకు వడ్డించింది, పెళ్ళిలో ఎవరెవరు కనబడ్డారో చెప్పింది. తెల్లటి గోడలు చూసి వచ్చేవాళ్ళు బాగున్నాయన్నారు. గదులు ఖాళీ లేకుండా నడిచాయి. బావగారు మడిగెల మాట మానేశాడు. గెలిచానని ఊరంతా అన్నది, నేను మాత్రం మూల అర్ర ఊడ్చేటప్పుడు గోడవైపు చూసేదాన్ని కాదు.

మళ్ళీ జాతర వచ్చింది. ఆ వారం గదులకోసం జనం ఎగబడ్డారు. అయిదు అర్రలు ఇచ్చేశాను. మూల అర్ర మాత్రం అత్తమ్మ ఇవ్వనివ్వలేదు. దానికి తాళం వేసి తాళంచెవి నడుముకు చెక్కుకుంది. మూడు రోజులు పొద్దున నుంచి పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చుంది. బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతూనే ఉన్నాయి, బండి చప్పుడు మాత్రం ఒక్కటీ లేదు. లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచాను. జర ఆగు, వత్తరు అన్నది.

నాలుగోనాడు పొద్దున ముగ్గురు ఆడవాళ్ళు నడుచుకుంటూ వచ్చారు. పెద్దమ్మ, ఆమె బిడ్డ, ఆరేడేళ్ళ మనుమరాలు. చౌరస్తాలో బస్సు అరగంట ఆగిందట, డ్రైవరును బతిమాలి వచ్చారట. పెద్దమ్మ నుదుట బొట్టు లేదు. అత్తమ్మ అది చూసి అరుగు దిగి వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ వాకిట్లోనే ఏడ్చారు. యాసంగి కోతలప్పుడు పోయాడట ఆయన, పొలంలోనే కూలబడ్డాడట. బిడ్డ తొందరపెడుతూనే ఉంది, బస్సు పోతదే అమ్మా అని.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని మనుమరాలి చెయ్యి పట్టుకుంది. "ఆయన ఫొటో ఒక్కటి సుత లేదు వదినె. ఆయన చెయ్యి మీ అర్రల ఉన్నదని వచ్చిన. దీనికి చూపియ్యాలె," అన్నది.

పరుగెత్తి ఎక్కడికైనా పోదామనిపించింది. అత్తమ్మ నావైపు చూడలేదు. నడుము దగ్గరి తాళంచెవి తీసి నెమ్మదిగా తలుపు తెరిచింది. తెల్లటి గోడ. పెద్దమ్మ గడపలో నిలబడిపోయింది. తప్పు అర్రకు వచ్చానా అన్నట్టు వెనక్కి తిరిగి పక్క అర్రలు చూసింది, మళ్ళీ లోపలికి చూసింది.

"నేనే ఏయించిన వదినె. తెల్లగుంటదని ఏయించిన. నా బుద్ధి గడ్డి తిన్నది," అన్నది అత్తమ్మ.

నేను అక్కడే ఉన్నాను, రెండు అడుగుల దూరంలో. ఎదుటివాళ్ళు ఒక మాటంటే పది మాటలనే నాకు ఆ పూట నోరు పెగల్లేదు. సిగ్గు, భయం, ఏదైతేనేం. చేతులు మాత్రం ఊరుకోలేదు. వంటింట్లోంచి అట్లకాడ పట్టుకొచ్చి ఆయన చెయ్యి ఉన్న చోట గీకడం మొదలుపెట్టాను. ఎక్కడుందో నాకు తెలియనిదా, మూడు పూతలూ నేనే వేశాను కదా. పొట్టు పొట్టుగా సున్నం రాలింది. మూడో పూత లేచింది, రెండోది లేచింది. అడుగున రంగు కనబడేలోపే అది కూడా పొడి అయి సున్నంతో పాటు రాలిపోతున్నది. ఎంత మెల్లగా గీకినా అంతే. ఒక వేలి కొస లేచినట్టే లేచి నా కళ్ళముందే నేల మీద పడింది.

పెద్దమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఊకో బిడ్డా. గీకితె ఉన్నది సుత పోతది. లోపట్నే ఉండనియ్," అన్నది.

ఆమె గోడ దగ్గరగా పోయి, మనుమరాలి అరచెయ్యి తీసి ఆ చోట ఆనించింది. ఇక్కడనే ఉన్నడు మీ తాత అని చెప్పింది. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు, సున్నం అంటిందని చెయ్యి గౌనుకు తుడుచుకుంది. చౌరస్తా వైపు నుంచి హారను వినబడింది. బిడ్డ పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది. పెద్దమ్మ ఆమె వెనక పోయింది. ప్రతిసారీ గడప దాటుతూ పోయొస్త వదినె అనే మనిషి, ఆనాడు ఒక్క మాట అనకుండా పోయింది. అత్తమ్మ మూల అర్ర గోడకు చేరగిలబడి కూర్చుంది. కొంగు కూడా సవరించుకోలేదు. నా పాపం నెత్తినేసుకుని అత్తమ్మ ముప్పై ఏండ్ల చుట్టరికాన్ని పోగొట్టుకుంటున్నది, నేను అట్లకాడ పట్టుకుని నిలబడి చూస్తున్నాను.

ఏమయిందో తెలియదు, పరుగెత్తాను. చెప్పులు లేవు, కొంగు ఎటు జారిందో చూసుకోలేదు. మట్టెవాడ సందుల్లో ఆ ఇంటి కోడలు అట్లా పరుగెత్తడం అదే మొదలు. చౌరస్తాకు చేరేసరికి బస్సు కదలడానికి గుర్రుమంటున్నది. జనాన్ని నెట్టుకుని మెట్టెక్కాను. పెద్దమ్మ కిటికీ పక్కన మనుమరాలిని ఒడిలో పెట్టుకుని ఉంది. ఊపిరి ఆడక కడ్డీ పట్టుకుని నిలబడి, బస్సంతా వినేటట్టు చెప్పాను.

"పెద్దమ్మా, సున్నం మా అత్తమ్మ ఎయ్యలే. నేనే ఏసిన. ఆమె ఊళ్ళె లేనప్పుడు ఏసిన."

పెద్దమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. నా చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి.

"ఎరుకే బిడ్డా. మీ అత్త ఆ గోడకు సున్నమేసే మనిషైతె నేను బస్సు దిగి వస్తనా?" అన్నది.

నేను ఏడుస్తుంటే కొంగుతో నా మొహం తుడిచింది. దుఃఖానికి నోరు రాలేదు గానీ వదినె మీద కోపమెందుకు అన్నది. కండక్టరు దిగమని అరుస్తున్నాడు. మెట్టు మీదికి వచ్చాక వెనక నుంచి పిలిచింది. వచ్చే జాతరకు బస్సైనా సరే దిగుతుందట, ఒక రాత్రి పండుకునే పోతుందట, మీ అత్తకు చెప్పమన్నది.

నేను ఇల్లు చేరేసరికి అత్తమ్మ వంటింట్లో ఉంది. చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది.

"మల్లొస్తనన్నది అత్తమ్మా. ఒక రాత్రి ఉంటదట," అన్నాను.

అత్తమ్మ చాట పక్కకు జరిపింది. నిజంగనేనా అని అడిగి, నా జవాబు వినకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.